ట్రాలీకి సొంత లైటు ఉండాలి – తీగ లేకుండా వెలిగేది



ఈసారి పంట గురించి కాదు, మందుల గురించి కాదు, రేటు గురించి అసలే కాదు. మన ట్రాక్టరు వెనకాల తగిలించే ట్రాలీ గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. చదివాక ఒక్కసారి లేచి బయటికెళ్లి మీ ట్రాలీ వెనక్కి వెళ్లి నిలబడి చూడండి. నేను అడిగేది అంతే.

ముందు నా తప్పు చెప్పుకుంటా. అది చెప్పకుండా మీకు సలహా ఇచ్చే హక్కు నాకు లేదు.

మూడేళ్ల కిందట, సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా, పొలం నుంచి ధాన్యం బస్తాలు వేసుకుని ఇంటికొస్తున్నాం. అరవై బస్తాలు. పొద్దుగూకింది. కాలవ కట్ట మలుపు దాటగానే ట్రాలీ కుడి టైరు పంక్చరయింది. స్టెప్నీ లేదు. మనలో ఎంతమందికి ట్రాలీ స్టెప్నీ ఉంటుంది చెప్పండి? జాకీ పెట్టి చక్రం ఊడదీసి, కింద మొద్దులు పేర్చి, ట్రాలీని అక్కడే వదిలేసి, చక్రం వేసుకుని ట్రాక్టరుతో నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పంక్చర్ షాపుకి వెళ్లా. వెళ్లే ముందు మనందరం చేసే పనే నేనూ చేశా. ట్రాలీ వెనక నాలుగు రాళ్లు పెట్టి, ఒక తుమ్మకొమ్మ నరికి అడ్డం వేశా. మా పాలేరు కుర్రాణ్ణి కాపలా ఉంచా. వాడి చేతిలో సెల్‌ఫోను లైటు తప్ప ఇంకేం లేదు.

నేను షాపు దగ్గర ఉండగానే ఫోనొచ్చింది. పక్క ఊరి అబ్బాయి, ఇరవై రెండేళ్లు, బండి మీద వస్తూ ట్రాలీ మూలకి గుద్దుకున్నాడు. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడ్డాయట. లారీ దాటేసరికి ముందు నల్లగా గోడలాగా ట్రాలీ ఉందట. మావాడు సెల్ లైటు ఊపుతూనే ఉన్నాడు. ఆ లారీ వెలుగులో ఆ సెల్ లైటు ఎవరికి కనపడుతుంది?

ప్రాణం దక్కింది. తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఆ అబ్బాయి కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. రోజూ తెల్లారుజామున ఇదే కాలవ కట్ట మీద 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసేవాడు. నేను పొలానికి వెళ్తూ చాలాసార్లు చూశా. ఇప్పుడు నడుస్తాడు. పరిగెత్తలేడు.

ఆస్పత్రి దగ్గర వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అన్నా, మీరు కొమ్మ వేశారంట. కొమ్మ కూడా నల్లగానే ఉంటదిగా చీకట్లో" అన్నాడు. అంతే. ఆ మాట మూడేళ్లుగా నా చెవిలో ఉంది. ఎవరైనా రోడ్డు మీద కొమ్మ వేసి ఉంచితే నాకు ఆ మనిషి మొహమే కనపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

"ట్రాలీకి లైట్లు పెట్టించుకోండి" అని అందరూ చెప్తారు. మనం పెట్టిస్తాం కూడా. కొత్త ట్రాలీ వచ్చినప్పుడు వెనక రెండు ఎర్ర లైట్లు, రెండు ఇండికేటర్లు ఉంటాయి. ట్రాక్టరు వెనక 7 పిన్నుల సాకెట్ ఉంటుంది, దాన్నుంచి తీగ ట్రాలీకి వెళ్తుంది. ఎన్నాళ్లు? మొదటి సీజను కూడా ఆగదు. మలుపు తిరిగినప్పుడు డ్రాబారు దగ్గర తీగ లాగేసుకుంటుంది. దమ్ములో ట్రాక్టరు దిగినప్పుడు సాకెట్లోకి బురద పోతుంది. ఎలకలు కొరుకుతాయి. ఒక ట్రాలీ విప్పి ఇంకో ట్రాలీ తగిలించేటప్పుడు ప్లగ్గు పీకడం మర్చిపోయి ముందుకు లాగేస్తాం, తీగ తెగిపోతుంది. తర్వాత "రేపు అతికిద్దాంలే" అనుకుంటాం. ఆ రేపు రాదు. మా ఊళ్లో నలభై ట్రాలీల దాకా ఉంటే, వెనక లైటు వెలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ ఊళ్లో కూడా ఇంతకంటే గొప్పగా ఉంటుందని నేననుకోను.

కానీ నా విషయంలో ఇంకో సంగతి ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ రోజు నా ట్రాలీ తీగ బాగానే ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. మరి ఏమైంది? ట్రాక్టరు విప్పి తీసుకెళ్లా. ప్లగ్గు పీకగానే ట్రాలీ చచ్చిపోయింది. ట్రాలీకి సొంత బ్యాటరీ లేదు కదా. అంటే, ట్రాలీకి లైటు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన టైములోనే, అంటే రోడ్డు మీద ఒంటరిగా ఆగిపోయినప్పుడే, దానికి లైటు ఉండదు. ఇది నాకు అంతకు ముందు ఒక్కసారి కూడా తట్టలేదు. యాభై ఏళ్లు దాటాయి, ముప్పై ఏళ్లుగా ట్రాక్టరు తోలుతున్నా, తట్టలేదు.

అందుకే నేను చెప్పేది ఒకటే మాట. ట్రాలీకి సొంత బ్యాటరీతో, తీగతో పనిలేకుండా రిమోట్‌తో వెలిగే ఎమర్జెన్సీ లైటు ఉండాలి. ట్రాక్టరు ఉన్నా లేకపోయినా అది వెలగాలి.

రిమోట్ అనగానే నవ్వే వాళ్లున్నారు. మా బావమరిదే నవ్వాడు. "టీవీకి రిమోటు, ఏసీకి రిమోటు, ఇక ట్రాలీకి కూడా రిమోటా బావా" అన్నాడు. నేనన్నా, "నీ బోరు మోటారు ఇంట్లో పడుకుని ఫోనుతో ఆన్ చేస్తున్నావా లేదా?" మాట్లాడలా. మొబైల్ స్టార్టరు వచ్చిన కొత్తలో కూడా ఇలాగే నవ్వాం. ఇప్పుడు అది లేని బోరు ఎక్కడుంది? రాత్రిపూట పాములు తిరిగే గట్ల మీద పోయి స్టార్టరు బటన్ నొక్కే బాధ తప్పింది. ఇదీ అలాంటిదే. ఇంకా తేలిక. దీనికి సిమ్ము అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు.

నేను ఇంటరు చదివా, ఫిజిక్సు కొంచెం గుర్తుంది. మిగతాది టౌన్లో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని నేర్చుకున్నా. నాకు అర్థమైనట్టు మీకు చెప్తా.

ఇందులో మూడే వస్తువులుంటాయి. ఒకటి, మన చేతిలో తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోటు. రెండోది, ట్రాలీలో పెట్టే రిసీవరు. మూడోది, ఆ రిసీవరులోనే ఉండే రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్చి. రిమోటు నొక్కితే అది రేడియో తరంగం పంపుతుంది. ఇలాంటి వాటిల్లో ఎక్కువ శాతం 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. రిసీవరు ఆ తరంగాన్ని అందుకుని, అందులో ఉన్న కోడ్ తనదేనా అని చూసుకుని, తనదైతే రిలేని పడేస్తుంది. లైటు వెలుగుతుంది. అంతే, ఇందులో మంత్రం లేదు.

బ్యాటరీ సంగతి. దీనికి కొత్త బ్యాటరీ కొననక్కర్లేదు. మనందరి ఇళ్లల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరు ఉంది. అందులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ, ఎక్కువగా 8 ఆంపియర్ అవర్. రెండు మూడేళ్లు వాడాక అది బలం తగ్గిపోయి పది ట్యాంకులు కూడా కొట్టలేదు. మనం మూల పడేస్తాం. ఆ పాత బ్యాటరీ ఈ పనికి చాలు. లెక్క చూడండి. నేను పెట్టింది రెండు ఎల్‌ఈడీ లైట్లు, ఒక్కోటి 3 వాట్లు. రెండూ కలిపి 6 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు. ఆరుతూ వెలుగుతూ ఉంటాయి కాబట్టి సగటున పావు ఆంపియరు. పాత బ్యాటరీలో సగం బలం, అంటే 4 ఆంపియర్ అవర్ మిగిలి ఉన్నా, 16 గంటలు వస్తుంది. సాయంత్రం ఆరింటికి వదిలేస్తే తెల్లారేదాకా వెలుగుతుంది. ఇంకా మిగులుతుంది కూడా. చార్జింగుకి స్ప్రేయరు చార్జరే పనికొస్తుంది. బ్యాటరీ ఉబ్బినా, కారినా మాత్రం అది పెట్టకండి. అలాంటిది పనికిరాదు.

అదే పాత గుండు బల్బులైతే లెక్క మారిపోతుంది. ఇండికేటర్ బల్బు ఒక్కోటి 21 వాట్లు. రెండు బల్బులు పెడితే ఎల్‌ఈడీ కంటే ఏడు రెట్లు ఎక్కువ లాగుతాయి. అర్ధరాత్రి కాకముందే ఆరిపోతాయి. కాబట్టి ఎల్‌ఈడీనే పెట్టండి.

నాకైన ఖర్చు దాచకుండా చెప్తా. రిమోటు, రిసీవరు కలిపి 420 రూపాయలు. రెండు లైట్లు 300. తీగ, ఫ్యూజు, చేతి స్విచ్చి, ప్లాస్టిక్ డబ్బా 280. మెరిసే రిఫ్లెక్టర్ టేపు 250. మొత్తం 1250. బ్యాటరీ పాతదే కాబట్టి దానికి పైసా లేదు. ఒక ఎకరం మిర్చికి ఒక్క దఫా మందు కొట్టడానికి మనం ఎంత పెడుతున్నామో మీకే తెలుసు. ట్రాలీకి రంగులు వేయించడానికి, వెనక "అమ్మ దీవెన" అని పూలతో రాయించడానికి ఎంత పెడుతున్నామో అదీ తెలుసు. నేనూ రాయించా. రాయించుకోవద్దు అనను. కానీ ఆ రాసింది రాత్రిపూట వెనక వచ్చేవాడికి కనపడాలి కదా.

ఇప్పుడు నేను చేసిన పొరపాట్లు చెప్తా. మీరు మళ్లీ అవే చేయొద్దు.

మొదటిది, ఒకే బటన్‌తో ఆనూ ఆఫూ అయ్యే రిమోటు కొన్నా. కంగారులో రెండుసార్లు నొక్కితే వెలిగింది కాస్తా ఆరిపోతుంది. దూరం నుంచి చూస్తే వెలిగిందో లేదో తెలియదు. తర్వాత మార్చేశా. ఒక బటన్ నొక్కితే ఆన్, ఇంకో బటన్ నొక్కితే ఆఫ్ అయ్యేది తీసుకోండి. ఆన్ బటన్ పదిసార్లు నొక్కినా ఆన్‌లోనే ఉండాలి. ఆపదలో ఉన్న మనిషి ఒకసారి నొక్కి ఊరుకోడు.

రెండోది, రిసీవరుని ఇనప డబ్బాలో పెట్టా, గట్టిగా ఉంటుందని. అయిదు అడుగులు దూరం పోతే రిమోటు పనిచేయలా. ఇనుము రేడియో తరంగాన్ని ఆపేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చా. రిసీవరుకి ఒక సన్న తీగ వేలాడుతూ ఉంటుంది, అది యాంటెన్నా. దాని పొడవు 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కొంచెం తక్కువ. ఊరికే వేలాడుతోంది కదా అని కొంతమంది కత్తిరించేస్తారు, చుట్ట చుట్టి లోపల కుక్కేస్తారు. అలా చేయొద్దు. తిన్నగా ఉంచండి. ఇప్పుడు నాది నలభై యాభై అడుగుల దూరం నుంచి, బస్తాలు నిండా ఉన్నా పనిచేస్తోంది.

మూడోది, కోడ్. చవక రిమోట్లలో కొన్నిటికి కోడ్ ముందే వేసి ఉంటుంది, అందరికీ ఒకటే ఉండే ప్రమాదం ఉంది. మా వీధిలో ఇంకో ఆయన నన్ను చూసి అదే కొన్నాడు. ఆయన నొక్కితే నా ట్రాలీ వెలిగింది! నవ్వుకున్నాంగానీ, ఆయన ఆఫ్ నొక్కితే రోడ్డు మీద ఉన్న నా లైటు ఆరిపోతే నవ్వొస్తదా? కాబట్టి "లెర్నింగ్" బటన్ ఉన్న రిసీవరు తీసుకోండి. దానికి మీ రిమోటు ఒక్కటే నేర్పించాలి. షాపు వాడు అక్కడే చేసిస్తాడు.

నాలుగోది, రిసీవరు ఊరికే ఉన్నా కొంచెం కరెంటు తాగుతూ ఉంటుంది. నాదానికి మీటరు పెట్టి చూస్తే 8 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ రోజంతా, వారమంతా తాగితే మూడు వారాల్లో పాత బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. అందుకని ట్రాలీ పని లేనప్పుడు తిప్పేయడానికి ఒక మెయిన్ స్విచ్చి పెట్టించా. సీజన్లో పదిహేను రోజులకోసారి బ్యాటరీ విప్పి చార్జింగ్ పెడతా. మా ఇంటావిడ క్యాలెండర్లో గీత పెట్టి గుర్తు చేస్తుంది.

అయిదోది, అన్నిటికంటే ముఖ్యమైంది. రిమోటుని పూర్తిగా నమ్మొద్దు. అందులో ఉన్న చిన్న సెల్లు ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. రిమోటు నీళ్లలో పడుతుంది, పొలంలో పోతుంది. కాబట్టి ట్రాలీ వెనకాల చేత్తో వేసే స్విచ్చి ఒకటి తప్పనిసరిగా ఉండాలి. రిమోటు పోయినా ఆ స్విచ్చితో లైటు వెలగాలి. బ్యాటరీ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు కూడా వేయించండి. తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలితే గడ్డి ట్రాలీ తగలబడిపోతుంది. అది మర్చిపోవద్దు.

"చేతి స్విచ్చి ఉన్నప్పుడు రిమోటు ఎందుకు?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. నేనూ అదే ఆలోచించా. సీటు మీద కూర్చుని తోలుతున్నప్పుడు హఠాత్తుగా ముందు గేదెలు అడ్డం వస్తాయి, ట్రాక్టరు ఆగిపోతుంది. వెనక ఏదో బండి స్పీడుగా వస్తున్న చప్పుడు వినపడుతుంది. మీరు సీటు దిగి, పదిహేను అడుగుల ట్రాలీ దాటి వెనక్కి పరిగెత్తి, ఆ వచ్చే బండికి ఎదురుగా నిలబడి స్విచ్చి వేస్తారా? ఆ వెనక నిలబడే చోటే అన్నిటికంటే ప్రమాదం. రిమోటైతే సీటు మీద నుంచే వెలుగుతుంది. ట్రాలీ కింద జాకీ పెడుతున్నప్పుడు, పక్క చేలో నుంచి కొయ్య తెస్తున్నప్పుడు, దూరం నుంచే వెలుగుతుంది. మనిషి రోడ్డుకి అడ్డం రానక్కర్లేదు.

ఇక లైటు ఎక్కడ పెట్టాలి అన్నది. ట్రాక్టరు లైట్లు వెనక వాడికి కనపడవు, ట్రాలీ అడ్డం ఉంటుంది. వరిగడ్డి వేస్తే రెండు పక్కలా గడ్డి వేలాడుతుంది, ట్రాలీ లైట్లు కూడా మూసుకుపోతాయి. పత్తి వేసినా అంతే. కాబట్టి లైట్లు వెనక డోరు కింద, రెండు చివర్లా, గడ్డి దిగని చోట పెట్టండి. ట్రాలీ వెడల్పు ఎంతో వెనక వాడికి తెలియాలి. మధ్యలో ఒక్కటే లైటు పెడితే దూరం నుంచి మోటార్ సైకిల్ అనుకుని పక్కనుంచి దూరిపోతారు. నెలకోసారి గుడ్డతో తుడవండి. దుమ్ము పట్టిన లైటు లేనట్టే.

ఇంకో మాట, ఇది మన కుర్రాళ్లకి. ఎర్రవి, నీలంవి గిర్రున తిరిగే లైట్లు పెట్టించుకోవద్దు. చూడ్డానికి బాగుంటాయిగానీ అవి పోలీసులకి, అంబులెన్సులకి, ఫైరింజన్లకి. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలే తీసేశారు. మన ట్రాలీకి ఎందుకు? అంబులెన్సు అనుకుని దారి ఇచ్చేవాడు ట్రాలీని చూసి తిట్టుకుంటాడు. రేపు నిజంగా అంబులెన్సు వస్తే పక్కకి జరగడు. ఇండికేటర్ రంగు, అంటే పసుపు, అది ఆరుతూ వెలుగుతూ ఉంటే చాలు. "ఆగి ఉన్న బండి, జాగ్రత్త" అని అందరికీ అర్థమవుతుంది. అలాగే బండి మామూలుగా నడుస్తున్నప్పుడు ఈ లైటు వేసుకుని తిరగొద్దు. ఎప్పుడూ వెలిగేదాన్ని ఎవరూ పట్టించుకోరు. పైగా మీరు కుడికి తిరుగుతున్నారో ఎడమకి తిరుగుతున్నారో వెనక వాడికి తెలియదు. నడిచేటప్పుడు వెనక ఎర్ర లైట్లు, ఇండికేటర్లు, ఆగినప్పుడు ఈ లైటు. అంటే తీగ లైట్లు మానేయమని నేను చెప్పట్లేదు. అవి బాగు చేయించండి. ఇది వాటికి తోడు.

అసలు డబ్బులు లేవు అనేవాళ్లకి ఒక మాట. రిమోటు తర్వాత సంగతి. ముందు మెరిసే టేపు అంటించండి. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, చెడిపోదు, వచ్చేవాడి లైటుతోనే మెరుస్తుంది. కానీ ఎదురు లైట్లు కళ్లలో పడినప్పుడు, మంచు పట్టినప్పుడు టేపు ఒక్కటే చాలదు. మొన్న ఆ అబ్బాయికి జరిగింది అదే. అందుకే రెండూ ఉండాలి అంటున్నా.

ఒక చిన్న లెక్క చెప్తా. బండి గంటకి 60 కిలోమీటర్ల మీద వస్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని చూసి, అర్థమై, బ్రేకు మీద కాలు పడేసరికి సెకనున్నర. అప్పటికే 25 మీటర్లు అయిపోతుంది. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి ఇంకో 25, 30 మీటర్లు. మొత్తం యాభై మీటర్లు దాటింది. డిమ్ లైటులో నల్లటి ట్రాలీ ముప్పై నలభై మీటర్ల దగ్గరికొస్తేగానీ కనపడదు. అంటే ఆ అబ్బాయి తాగలేదు, నిద్రపోలేదు, ఫోను చూడలేదు. ఎంత జాగ్రత్తగా వచ్చినా తప్పించుకునే దూరం నేను వాడికి ఇవ్వలేదు. "కుర్రాళ్లు స్పీడుగా వస్తారు, మన తప్పేంటి" అనే ముందు ఈ లెక్క వేసుకోండి. అదే లైటు ఉంటే రెండు మూడు వందల మీటర్ల నుంచే కనపడుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 122వ సెక్షన్ ఉంది. బండిని గానీ, ట్రాలీని గానీ, జనానికి ప్రమాదం వచ్చేలా రోడ్డు మీద వదిలిపెట్టకూడదు అని. ట్రాలీ అనే మాట కూడా అందులోకి వస్తుంది. "ఆగి ఉన్న బండిని వాడే వచ్చి గుద్దాడు" అని మనం రచ్చబండ దగ్గర చెప్పే మాట అన్ని చోట్లా చెల్లదు. ట్రాక్టరుకి ఇన్సూరెన్సు కడతాం, ట్రాలీకి ఉందో లేదో చూసుకోం. ఈరోజే కాగితాలు తీసి చూడండి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. లైటు ఉంది, రిమోటు ఉంది కదా అని రోడ్డు మధ్యలో ఆపొద్దు. టైరు నలిగిపోయినా సరే, నెమ్మదిగా తోలుకుని మార్జిన్లోకి దింపండి. టైరు పోతే ఇంకో టైరు వస్తుంది. ఆ రోజు నేను ఇంకో యాభై అడుగులు తోలుకుని డొంక దగ్గరికి దింపి ఉంటే అసలు ఏ లైటూ అక్కర్లేదు. కొత్త టైరు నలిగిపోతుందని చూసుకున్నా. టైరు దక్కింది.

ధాన్యం రోడ్డు మీద ఆరబోసే వాళ్లకి కూడా ఇదే మాట. రోడ్డు మీద పోయొద్దు అని నేనంటే "మరి కళ్లం ఎక్కడుంది" అంటారు. నిజమే, కళ్లాలు లేవు. కానీ రాత్రిపూట నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెట్టి ఇంటికెళ్లి పడుకుంటున్నాం. ఆ రాళ్లు ధాన్యాన్ని కాపాడతాయి, మనుషుల్ని పడేస్తాయి. తప్పక పోస్తే, ఈ బ్యాటరీ లైటు ఒకటి ఆ కుప్ప చివర వెలిగించి పెట్టండి. రాళ్లు మాత్రం రాత్రికి తీసేయండి.

చివరిగా ఒక ప్రతిపాదన. మన ఊళ్లో సంక్రాంతికి ముందే ఒక ఆదివారం రామాలయం దగ్గర ట్రాలీలన్నీ తీసుకొద్దాం. టేపు ఒకేసారి కట్టగా కొంటే తక్కువకి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని ఒక రోజు కూలీకి పిలుద్దాం. ఎవరి పాత స్ప్రేయరు బ్యాటరీ వాళ్లు తెచ్చుకోవాలి. డబ్బులు లేని వాళ్లకి మిగతా వాళ్లం తలా కొంచెం వేద్దాం. ఎందుకంటే లైటు లేని ట్రాలీ ఎవరిదైనా, దానికి గుద్దుకునేది మన పిల్లలే కావచ్చు. మీ ఊళ్లో కూడా ఎవరో ఒకరు మొదలుపెట్టండి. ఆఫీసర్లు వచ్చి చెప్పేదాకా ఆగొద్దు. కమిషన్ వ్యాపారులు, మిల్లుల వాళ్లు కూడా "లైటు లేని ట్రాలీకి రాత్రి లోడు వేయం" అని ఒక్క మాట అంటే నెల రోజుల్లో అందరికీ లైట్లు వస్తాయి.

ఆ అబ్బాయి ఇప్పుడు మండలంలో ఒక జిరాక్సు షాపులో పనిచేస్తున్నాడు. పోయిన నెల ఆధార్ కాపీలకి వెళ్తే కుంటుకుంటూ లేచొచ్చి "కూర్చోండి పెదనాన్నా" అన్నాడు. డబ్బులు తీసుకోలా. నేను ట్రాలీకి లైటు పెట్టించానని చెప్పా. "మంచి పని చేశారు పెదనాన్నా" అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ ఇంకేం అనలేకపోయా.

ఈ రాత్రికి మీ ట్రాలీ వెనక్కి వెళ్లి ఒక ముప్పై అడుగులు దూరం నడిచి వెనక్కి తిరిగి చూడండి. ట్రాలీ మీకు కనపడకపోతే, రేపు పొద్దున్నే ఆ పని చూడండి. ఎల్లుండి అనుకోవద్దు.

ఎవరికైనా వైరింగు ఎలాగో అర్థం కాకపోతే కింద అడగండి, నాకు తెలిసినంత చెప్తా. లైటు పెట్టించుకున్న వాళ్లు ఫొటో పెట్టండి, చూసి ఇంకో నలుగురు పెట్టించుకుంటారు.

ఉంటాను. అందరూ క్షేమంగా ఇంటికి చేరాలి.